హార్మోన్ మందుకు లొంగని ప్రోస్టేట్ క్యాన్సర్: పీఎస్‌ఏ మళ్ళీ ఎక్కినప్పుడు

ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకి పాకిన మనిషికి హార్మోన్ చికిత్స (మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ని అణిచే సూది గానీ ఆపరేషన్ గానీ) మొదలుపెడితే మొదటి కొన్ని నెలలు అంతా బాగానే కనిపిస్తుంది. నడుము నొప్పి తగ్గుతుంది, అన్నం సయిస్తుంది, రక్తంలో వందల్లో ఉన్న పీఎస్‌ఏ (ప్రోస్టేట్ కణాలు వదిలే ప్రొటీన్, రోగం తీరుకి కొలత) ఒకటికో అరకో దిగుతుంది. ఒక్క హార్మోన్ చికిత్స మీదే ఉన్నవాళ్ళలో చాలామందికి ఏడాదిన్నర, రెండేళ్ళు తిరిగేసరికి అదే పీఎస్‌ఏ 0.6, 1.4, 3.1 అంటూ ఎక్కడం మొదలవుతుంది. నెల్లూరులోనో ఒంగోలులోనో ఓపీ బయట బెంచీ మీద అప్పుడు వినబడే మాట దాదాపు ఒకటే: "సూది పనిచెయ్యడంలేదంట, ఇంక దాన్ని ఆపేసి పెద్ద మందు రాయించుకుందాం." ఇందులో రెండు పొరపాట్లున్నాయి. సూది పనిచేస్తోందో లేదో ఇంకా ఎవరూ పరీక్ష చేసి చూడలేదు. ఇక రెండోది, పెద్ద మందు మొదలుపెట్టినా సరే, టెస్టోస్టెరాన్‌ని అణిచి ఉంచే చికిత్సని ఆపకూడదు.

ఈ చికిత్స పునాది పాతదే. వృషణాలు తొలగిస్తే వ్యాపించిన ప్రోస్టేట్ క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని 1941లో షికాగోలో చార్లెస్ హగిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ చూపించారు. ఆ పనికే హగిన్స్‌కి 1966లో నోబెల్ వచ్చింది. మగవాడి ఒంట్లో టెస్టోస్టెరాన్ 90 శాతానికి పైగా వృషణాల్లో తయారవుతుంది, మిగిలింది మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథుల దగ్గర మొదలవుతుంది. ల్యూప్రొలైడ్, గోసెరెలిన్, ట్రిప్టోరెలిన్, డెగారెలిక్స్ సూదులన్నీ మెదడు నుంచి వృషణాలకి వెళ్ళే ఆజ్ఞని ఆపుతాయి. ఆపరేషన్ ఆ వృషణాలనే తీసేస్తుంది. దారులు రెండైనా చేరే చోటు ఒకటే.

ముందు టెస్టోస్టెరాన్ ఎంతుందో చూడాలి

హార్మోన్‌కి లొంగని దశ అని రాయాలంటే రక్తంలో టెస్టోస్టెరాన్ డెసిలీటరుకి 50 నానోగ్రాముల లోపే ఉండాలి. అలా ఉండగా పీఎస్‌ఏ కనీసం వారం ఎడంతో వరసగా మూడుసార్లు పెరగాలి. వాటిలో రెండుసార్లయినా అది దిగిన అడుగు విలువ కంటే 50 శాతం పైన ఉండాలి, సంఖ్య 2 దాటాలి. లేదంటే బోన్ స్కాన్‌లో కొత్త మచ్చలు రెండో అంతకంటే ఎక్కువో కనబడాలి, లేదా లింఫ్ గ్రంథుల్లో, లివర్లో గడ్డ పెరగాలి. అంటే ఒక్క పీఎస్‌ఏ కాగితం చూసి ఎవరూ ఈ మాట అనడానికి లేదు.

టెస్టోస్టెరాన్ పరీక్ష ఖర్చు రాబోయే మందుల ఖర్చు ముందు లెక్కలోకి రాదు. అయినా ఎక్కువగా వదిలేసేది దీన్నే. చేయించాల్సిన సమయం కూడా ముఖ్యం: తర్వాతి సూది పడడానికి ఒకటి రెండు రోజుల ముందు. సూది వేసిన వారానికి చేయిస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. గడువు చివర్లో మందు బలం తగ్గి హార్మోన్ తలెత్తుతుంటే అది దొరకదు.

టెస్టోస్టెరాన్ 50 పైన ఉంటే క్యాన్సర్ లొంగకపోవడం కాదు, మందు అందకపోవడం. ఎందుకు అందదో కారణాలు మన ప్రాంతంలో తేలిగ్గానే కనబడతాయి. గోసెరెలిన్ 3.6 మిల్లీగ్రాములు 28 రోజులకోసారి, 10.8 మిల్లీగ్రాములు 12 వారాలకోసారి వెయ్యాలి. ల్యూప్రొలైడ్‌లో 7.5 మిల్లీగ్రాములది నెలకి, 22.5 మిల్లీగ్రాములది 3 నెలలకి. నెల సూది రాయించుకుని నాట్లు అయ్యాక వస్తాంలే అని ఉదయగిరి నుంచి పది, పదిహేను రోజులు ఆలస్యంగా దిగితే ఆ ఖాళీలో హార్మోన్ లేస్తుంది. గోసెరెలిన్ మామూలు ద్రవం కాదు, చిన్న కడ్డీ. లావు సూదితో పొట్ట చర్మం కింద దించాలి. అలవాటు లేని చేతుల్లో అది సరిగ్గా లోపలికి పోకపోవచ్చు. కొన్ని రకాల ల్యూప్రొలైడ్‌ని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గోసెరెలిన్‌ని 25 డిగ్రీలు దాటనివ్వకూడదు. రోహిణి కార్తెలో టౌన్లో కొన్న డబ్బాని సంచిలో వేసుకుని బస్సులో ఊరికి తీసుకుపోయి అక్కడి ఆర్‌ఎంపీ చేత వేయించుకోవడం ఈ మందులతో పనికిరాదు. కొన్న చోటే, చల్లగా ఉండగానే వేయించుకోవాలి.

రెండు వృషణాలూ తొలగించే ఆపరేషన్‌కి ఈ బాధలేవీ లేవు. పన్నెండు గంటల్లోపే టెస్టోస్టెరాన్ పడిపోతుంది, మళ్ళీ తేదీలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మగతనం పోతుందనే బెంగ సహజమే గానీ, ఆ విషయంలో సూది చేసేదీ అదే. ఆస్పత్రికి దూరంగా ఉండే మనిషికి, జీవితాంతం హార్మోన్ అణచాల్సిన దశలో, ఈ పాత ఆపరేషన్‌ని తక్కువ రకం వైద్యంగా చూడడం సబబు కాదు.

ఇంకో రెండు చిన్న విషయాలు. పీఎస్‌ఏని ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించాలి. కంపెనీ మిషన్ మారితే అంకె మారుతుంది, ఆ తేడాని రోగం పెరుగుదలగా చదివే ప్రమాదముంది. సూదితో పాటు హార్మోన్‌కి అడ్డుపడే బైకాల్యుటమైడ్ బిళ్ళ నెలల తరబడి వాడుతున్నవాళ్ళలో పీఎస్‌ఏ పెరిగితే మొదట ఆ బిళ్ళ ఆపి 6 వారాలు చూడాలి. హార్మోన్‌ని పట్టుకునే రిసెప్టర్‌లో మార్పు వచ్చిన కణానికి అడ్డుపడాల్సిన బిళ్ళే మేతగా మారుతుంది. ఆపితే 100లో 15 నుంచి 30 మందికి కొంతకాలం పీఎస్‌ఏ దానంతటదే దిగుతుంది. బిళ్ళ ఆపమన్నారు కదా అని సూది కూడా ఆపితే చేసిందంతా వృథా.

కణం ఎలా బతుకుతుంది

సోమశిల కాలువ కట్టేస్తే రైతు చేతులు ముడుచుకుని కూర్చోడు, బోరు వేస్తాడు. ప్రోస్టేట్ క్యాన్సర్ కణం చేసేదీ అదే. వృషణాల నుంచి సరఫరా ఆగాక అడ్రినల్ నుంచి వచ్చే ముడిసరుకు తీసుకుని, ఒక్కోసారి కొలెస్టరాల్ నుంచే, తన లోపలే టెస్టోస్టెరాన్ తయారుచేసుకుంటుంది. రక్తంలో హార్మోన్ అడుగంటి ఉన్నా గడ్డ లోపల మాత్రం పెరగడానికి సరిపడా ఉంటుంది.

ఇంకో దారి, హార్మోన్‌ని పట్టుకునే ఆండ్రోజెన్ రిసెప్టర్ల సంఖ్యని పెంచుకోవడం. అప్పుడు చిటికెడు హార్మోన్ దొరికినా చాలు. మరికొన్ని కణాల్లో ఆ రిసెప్టర్‌కి జన్యుమార్పు వచ్చి ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్‌కి కూడా అది స్పందిస్తుంది. ఏఆర్-వీ7 అనే రకంలో రిసెప్టర్‌కి హార్మోన్ అతుక్కునే భాగమే ఉండదు. అది ఎవరి ఆజ్ఞా లేకుండా ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, కాబట్టి ఆ భాగాన్ని మూసే మందులకి అక్కడ పని లేదు.

వీటన్నిటిలోనూ కణం ఇంకా ఆ రిసెప్టర్ దారినే నమ్ముకుని ఉంది. "లొంగనిది" అని పేరు పెట్టినా హార్మోన్‌తో దాని సంబంధం తెగలేదు. అందుకే సూది కొనసాగాలి, అందుకే కొత్త హార్మోన్ బిళ్ళలకి ఫలితం ఉంటుంది. నిజంగా సంబంధం తెంచుకునే రకం కొద్దిమందిలో వస్తుంది. దాన్ని న్యూరోఎండోక్రైన్ మార్పు అంటారు. పీఎస్‌ఏ తక్కువగానే ఉండి లివర్లోకి, ఊపిరితిత్తుల్లోకి గడ్డలు వేగంగా పాకుతుంటే అనుమానించాల్సింది దీన్నే. అలాంటప్పుడు కొత్త గడ్డ నుంచి మళ్ళీ ముక్క తీసి పరీక్షించాలి. తేలితే హార్మోన్ బిళ్ళలతో కాలం గడపకుండా ప్లాటినం కీమోకి వెళ్ళాలి. పీఎస్‌ఏ బాగుందని ధీమాగా ఉన్నవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

ఫ్లోరైడ్ ఎముకల చిక్కు

బయటి పుస్తకాల్లో పెద్దగా కనబడని సమస్య మనకొకటి ఉంది. 1937లోనే షార్ట్, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ మీద ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వ్యాసం రాశారు. అప్పటి నెల్లూరు జిల్లాలో కనిగిరి, పొదిలి, దర్శి కూడా ఉండేవి, ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఆ బోరు నీళ్ళు దశాబ్దాలు తాగిన మనిషికి వెన్నెముక, కటి ఎముకలు ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకకి పాకినా తెల్లగా, దట్టంగానే కనిపిస్తుంది. బోన్ స్కాన్‌కి ఎక్కించే మందుని రెండూ బాగా లాగుతాయి. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ రెండిటిలోనూ పెరుగుతుంది.

విడదీసే మార్గాలు ఉన్నాయి. ఫ్లోరోసిస్‌లో తెలుపు రెండు వైపులా సమంగా, ఎముకంతా పరుచుకుని ఉంటుంది. క్యాన్సర్‌ది చాలావరకు మచ్చలు మచ్చలుగా, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువగా ఉంటుంది. ముంజేయి ఎక్స్‌రే తీస్తే ఫ్లోరోసిస్‌లో రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టి ముళ్ళు ముళ్ళుగా కనబడుతుంది, వెన్నెముక పక్క లిగమెంట్లు కూడా గట్టిపడి ఉంటాయి. అతి చవకైన పరీక్ష, కానీ అడిగేవాళ్ళు తక్కువ. ఫ్లోరోసిస్‌కి పీఎస్‌ఏ పెరగదు. ఇంకా అనుమానం ఉంటే ఎంఆర్‌ఐ గానీ, ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీదుండే పీఎస్‌ఎంఏ ప్రొటీన్‌ని వెతికే పెట్ స్కాన్ గానీ తేలుస్తాయి. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చన్నది మరిచిపోకూడదు. స్కాన్ రాసే రేడియాలజిస్టుకి "కనిగిరి వైపు ఊరు, చిన్నప్పట్నుంచీ బోరు నీళ్ళు" అన్న ఒక్క ముక్క రిక్వెస్ట్ కాగితం మీద ఉంటే రిపోర్టు వేరుగా ఉంటుంది.

పాకిన ఎముకల్ని కాపాడే మందుల దగ్గర ఈ తేడా తేల్చుకోవడం మరింత ముఖ్యం. జొలెడ్రోనిక్ యాసిడ్ 4 మిల్లీగ్రాములు 15 నిమిషాలకి తగ్గకుండా సెలైన్‌లో ఎక్కిస్తారు, దాని మోతాదు మూత్రపిండాల పనిని బట్టి తగ్గాలి. క్రియాటినిన్ క్లియరెన్స్ (వయసు, బరువు కూడా కలిపి కిడ్నీ పనిని లెక్కగట్టే అంకె) 60 పైనుంటే 4, 50 నుంచి 60 మధ్య ఉంటే 3.5, 40 నుంచి 49 మధ్య ఉంటే 3.3, 30 నుంచి 39 మధ్య ఉంటే 3, 30 లోపైతే వెయ్యకూడదు. క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు. 75 ఏళ్ళ బక్కపలచని మనిషికి క్రియాటినిన్ 1.3 ఉన్నా క్లియరెన్స్ 40 దగ్గరే ఉండొచ్చు. కనిగిరి వైపు పడమటి మండలాల్లో కిడ్నీ జబ్బు ఎక్కువ, పైగా ప్రోస్టేట్ గడ్డే మూత్రనాళాలని నొక్కి కిడ్నీని ఉబ్బించొచ్చు కాబట్టి అల్ట్రాసౌండ్ చూడకుండా ముందుకెళ్ళకూడదు. ఇంకో ఎముక మందు డెనోసుమాబ్ 120 మిల్లీగ్రాములకి కిడ్నీ మోతాదు బాధ లేదు గానీ, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోతుంది. చేతులు కొంకర్లు పోవడం, మూతి చుట్టూ తిమ్మిరి దానికి గుర్తులు. ఏది వేసినా ముందు విటమిన్ డీ, కాల్షియం సరిచెయ్యాలి. పుచ్చిన పళ్ళుంటే పీకించి, పుండు మానాకే మొదలుపెట్టాలి. సూది పడ్డాక పన్ను పీకితే దవడ ఎముక కుళ్ళే ప్రమాదముంది.

స్కాన్లో ఏమీ లేకపోతే

పీఎస్‌ఏ పెరుగుతోంది, టెస్టోస్టెరాన్ అడుగునే ఉంది, సీటీ, బోన్ స్కాన్ శుభ్రం. అప్పుడు చూడాల్సింది పీఎస్‌ఏ ఎన్ని నెలల్లో రెట్టింపవుతోందో. జనవరిలో 2 ఉండి జూలైకి 4 అయితే రెట్టింపు కాలం 6 నెలలు. అది 10 నెలలు గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే కొత్త హార్మోన్ బిళ్ళలైన అపాల్యుటమైడ్, ఎంజాల్యుటమైడ్, డారోల్యుటమైడ్‌లలో ఒకటి మొదలుపెడితే క్యాన్సర్ స్కాన్లో పైకి తేలడం బాగా వెనక్కి జరుగుతుంది. అపాల్యుటమైడ్ అధ్యయనంలో మధ్యస్థంగా 40.5 నెలలు, బిళ్ళ లేనివాళ్ళలో 16.2. మిగతా రెండిటి ఫలితాలూ ఆ చుట్టుపక్కలే. రెట్టింపు కాలం 10 నెలలు దాటితే తొందర లేదు, సూది కొనసాగిస్తూ మూడు నెలలకోసారి చూసుకుంటే చాలు. ముసలాయన హాయిగా తిరుగుతుంటే, అంకె చూసి భయపడిన పిల్లల తృప్తి కోసం నీరసం తెచ్చే బిళ్ళ మింగించాల్సిన పనిలేదు.

ఏ మందు, ఏ వరసలో

హార్మోన్‌కి లొంగక వ్యాపించిన దశలో 2004 వరకు ప్రాణకాలాన్ని పెంచిన మందు లేదు. ఆ ఏడాది టాక్స్ 327 అధ్యయనంలో డోసెటాక్సెల్ అనే కీమో మందు ఆ పని చేసింది. మధ్యస్థ ఆయుష్షు 16.5 నెలల నుంచి 18.9కి వెళ్ళింది. మధ్యస్థం అంటే సగం మంది అంతకంటే ఎక్కువే బతికారని. ఎవరికీ గడువు చెప్పే అంకెగా దాన్ని వాడకూడదు. 2010 నుంచి కబజిటాక్సెల్ కీమో, అబిరాటెరోన్, ఎంజాల్యుటమైడ్ బిళ్ళలు, రేడియం-223 అనే రేడియోధార్మిక మందు వరసగా వచ్చాయి. ఇప్పుడు కష్టమంతా ఏది ముందు, ఏది వెనక అన్న దగ్గరే.

దీనికి జవాబు ఇదివరకు ఏం వాడారన్న దాంట్లో ఉంది. సూది ఒక్కటే నడిచి ఉంటే అబిరాటెరోన్ గానీ ఎంజాల్యుటమైడ్ గానీ ముందు వస్తుంది. నొప్పులు తీవ్రంగా ఉన్నా, లివర్లో గడ్డలున్నా డోసెటాక్సెల్ ముందుకు జరుగుతుంది. ఈ రెండు బిళ్ళల్లో ఒకటి పనిచెయ్యడం మానేశాక రెండోదానికి మారడం మాత్రం చాలామంది చేసే పని, ఫలితం తక్కువున్న పని. వరసలు తిప్పి చూసిన కెనడా అధ్యయనంలో అబిరాటెరోన్ తర్వాత ఎంజాల్యుటమైడ్‌కి 36 శాతం మందిలో పీఎస్‌ఏ 30 శాతమైనా దిగింది, ఎంజాల్యుటమైడ్ తర్వాత అబిరాటెరోన్‌కి 4 శాతం మందిలోనే. డోసెటాక్సెల్, ఒక బిళ్ళ రెండూ అయిపోయినవాళ్ళలో రెండో బిళ్ళని కబజిటాక్సెల్‌తో పోల్చిన కార్డ్ అధ్యయనం 2019లో వచ్చింది. స్కాన్లో రోగం పెరగకుండా ఉన్న కాలం కీమోతో 8 నెలలు, బిళ్ళతో 3.7. కీమో అంటే భయపడి బిళ్ళ నుంచి బిళ్ళకి దూకేవాళ్ళు పోగొట్టుకునేది ఆ తేడానే.

అబిరాటెరోన్ వాడకంలో తప్పులు ఎక్కువ కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పూర్తి మోతాదు 1000 మిల్లీగ్రాములు, అంటే 250వి నాలుగు, ఖాళీ కడుపున. మింగడానికి 2 గంటల ముందు, మింగాక గంట వరకు ఏమీ తినకూడదు. పాలు పోసిన టీ కూడా తిండి కిందే లెక్క. తెల్లారి ఐదింటికి లేచే అలవాటున్నవాళ్ళు లేవగానే మంచినీళ్ళతో వేసుకుని ఆరున్నరకి టీ తాగితే సరిపోతుంది. నెయ్యి కారం దోసె తిని వేసుకుంటే ఏమవుతుంది? కొవ్వు ఎక్కువున్న తిండితో ఈ మందు రక్తంలోకి దాదాపు పది రెట్లు ఎక్కుతుంది, బీపీ, లివర్ రెండూ తిరగబడొచ్చు. ఈ గుణాన్నే ఆసరా చేసుకుని 250 మిల్లీగ్రాముల ఒక్క బిళ్ళని కొవ్వు తక్కువున్న టిఫిన్‌తో ఇవ్వడం మొదలైంది. 2018లో 72 మంది మీద వచ్చిన చిన్న అధ్యయనంలో పీఎస్‌ఏ తగ్గుదల పూర్తి మోతాదుకి తీసిపోలేదు. నాలుగో వంతు ఖర్చుతో అయిపోయే ఈ పద్ధతిని మన దేశంలో క్యాన్సర్ వైద్యులు బాగానే వాడుతున్నారు. ఆయుష్షు మీద పెద్ద అధ్యయనం లేదన్నది నిజం. కానీ డబ్బు చాలక నెలలో పదిరోజులు మందు మానేసే మనిషికి ఇది మేలైన దారి. రెండు ఇడ్లీలు, నూనె లేని చట్నీతో వేసుకోవచ్చు. సొంతంగా మాత్రం మోతాదు తగ్గించుకోవద్దు, డాక్టరు రాసింది ఏ పద్ధతో అడిగి తెలుసుకోవాలి.

దీంతోపాటు ప్రెడ్నిసొలోన్ 5 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఇది మాత్రం తిన్నాక. "స్టెరాయిడ్ అంట, వద్దులే" అని దాన్ని మానేస్తే అబిరాటెరోన్ వల్ల ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచే హార్మోన్ పెరిగిపోతుంది. బీపీ ఎక్కుతుంది, కాళ్ళు వాస్తాయి, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు. హఠాత్తుగా ఆపినా కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదముంది. మొదటి 3 నెలలు రెండు వారాలకోసారి లివర్ పరీక్ష, నెలనెలా పొటాషియం, బీపీ, షుగరు ఉన్నవాళ్ళకి షుగరు చూడాలి. ఊరగాయ, అప్పడాలు, ఎండుచేపలు తగ్గించాలి. పొటాషియం కోసం కొబ్బరినీళ్ళు మంచివే, కిడ్నీ జబ్బుంటే అవే ప్రమాదం. కాళ్ళ వాపుకి స్పైరనోలాక్టోన్ రాయించుకోవద్దు. అది ఆండ్రోజెన్ రిసెప్టర్‌కే అతుక్కుని పీఎస్‌ఏని పెంచొచ్చు, ఎప్లెరినోన్ దానికి బదులు. లక్ష్మణఫలం ఆకుల కషాయం, పసరు మందులు పక్కన నడుస్తుంటే, లివర్ అంకెలు పెరిగినప్పుడు తప్పు దేనిదో తేలక పనిచేస్తున్న మందుని ఆపాల్సివస్తుంది.

ఎంజాల్యుటమైడ్ 40 మిల్లీగ్రాములవి నాలుగు, రోజూ ఒకేసారి, తిండితో సంబంధం లేదు, స్టెరాయిడ్ అక్కర్లేదు. షుగరు, గుండె బలహీనత ఉన్నవాళ్ళకి ఇదే అనుకూలం. ఫిట్స్ వచ్చినవాళ్ళకి, తరచూ తూలి పడేవాళ్ళకి పనికిరాదు. నీరసం ఎక్కువ. ఇది లివర్లో మందుల్ని విరిచే ఎంజైములని రెచ్చగొడుతుంది కాబట్టి ఆమ్లోడిపిన్ లాంటి బీపీ బిళ్ళలు, వార్ఫరిన్, ఫిట్స్ మందుల బలం తగ్గుతుంది. మొదలుపెట్టిన నెలలో బీపీ మళ్ళీ చూసుకోవాలి.

డోసెటాక్సెల్ చదరపు మీటరుకి 75 మిల్లీగ్రాములు, 3 వారాలకోసారి. 1.6 చదరపు మీటర్ల మనిషికి 120. డోసుకి 12, 3, 1 గంటల ముందు డెక్సామెథసోన్ 8 మిల్లీగ్రాముల చొప్పున పడాలి, ఊరి నుంచి పొద్దున బయల్దేరేవాళ్ళు మొదటి డోసు ముందురాత్రి ఇంట్లోనే వేసుకోవాలి. ఎక్కించాక 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు అడుగంటుతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూడడం ప్రాణం మీదికి తెస్తుంది. అదే రాత్రి రక్తపరీక్ష, నరానికి యాంటీబయాటిక్ ఉండే ఆస్పత్రికి చేరాలి. నాలుగైదు డోసుల తర్వాత వేళ్ళ చివర్లు మొద్దుబారడం చెప్పకుండా దాచుకునేవాళ్ళున్నారు, డోసు తగ్గించకపోతే అది మిగిలిపోతుంది. ఇంకో సంగతి, మొదటి 12 వారాల్లో పీఎస్‌ఏ కాస్త ఎక్కి తర్వాత దిగొచ్చు. కొత్త బిళ్ళలతో మానుతున్న ఎముక కూడా బోన్ స్కాన్‌లో కొత్త మచ్చలా వెలుగుతుంది. మొదటి స్కాన్లో రెండు మచ్చలు వస్తే, తర్వాతి స్కాన్లో మరో రెండు వస్తేనే రోగం పెరిగినట్టు లెక్క.

కాళ్ళు బరువెక్కితే ఆ రోజే

వెన్నుపూసలో గడ్డ వెన్నుపాముని నొక్కడం ఈ దశలో అతి పెద్ద అత్యవసరం. పడుకుంటే, దగ్గితే ఎక్కువయ్యే కొత్త వెన్నునొప్పి, నడుము చుట్టూ పట్టీ బిగించినట్టుండడం, మెట్లెక్కుతుంటే కాళ్ళు తేలిపోవడం, ఒంటేలు బిగపట్టడం దీని గుర్తులు. ఫ్లోరోసిస్ కూడా వెన్నుపాముని నొక్కుతుంది, నడుముని బిగిస్తుంది. అందుకే మన పడమటి మండలాల్లో "ఫ్లోరైడ్ నొప్పులే గదా" అని వారాలు గడిచిపోతాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న మనిషికి ఈ గుర్తుల్లో ఏది వచ్చినా ఆ రోజే డెక్సామెథసోన్ 16 మిల్లీగ్రాములు మొదలుపెట్టి, వెన్నెముక మొత్తానికి ఎంఆర్‌ఐ తీసి, 24 గంటల్లో రేడియేషనో ఆపరేషనో జరగాలి. నడుస్తూ వచ్చినవాళ్ళలో ఎక్కువమంది నడకని నిలుపుకుంటారు, కాళ్ళు పడిపోయాక వస్తే తిరిగి నడిచేవాళ్ళు తక్కువ. మామూలు ఎముక నొప్పికి 8 గ్రేల రేడియేషన్ ఒక్కసారి ఇస్తే చాలామందికి సరిపోతుంది, పది రోజులు టౌన్లో గది తీసుకోనక్కర్లేదు. మీ ఊరికి దగ్గరగా ఆ మిషన్ నెల్లూరులో ఉందా, గుంటూరులోనా, తిరుపతిలోనా అన్నది అవసరం పడకముందే కనుక్కోవాలి. ఏ మందు ఏ ఎన్టీఆర్ వైద్యసేవ ప్యాకేజీలోకి వస్తుందో కూడా ఆస్పత్రిలోని కౌంటర్లో ముందే అడగాలి.

జన్యువు, ల్యూటీషియం

ఈ దశకి చేరినవాళ్ళలో నాలుగైదుగురికి ఒకరి గడ్డలో డీఎన్‌ఏని బాగుచేసే జన్యువులు దెబ్బతిని ఉంటాయి. బీఆర్‌సీఏ2 వాటిలో ముఖ్యమైనది. అలాంటివాళ్ళకి ఓలాపరిబ్ 300 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు పనిచేస్తుందని 2020లో ప్రొఫౌండ్ అధ్యయనం చూపించింది. రక్తహీనత దీని ప్రధాన ఇబ్బంది, నెలనెలా హిమోగ్లోబిన్ చూడాలి. పరీక్షకి మొదట తీసిన బయాప్సీ మైనం దిమ్మ (గడ్డ ముక్కని మైనంలో పెట్టి దాచినది) కావాలి. రిపోర్టు కాగితం దాచుకుంటారు గానీ దిమ్మ ల్యాబులోనే ఉండిపోతుంది, కొన్నేళ్ళకి పారేస్తారు. ఇప్పుడే అడిగి తెచ్చుకుని పొడిగా, ఎండ తగలని చోట పెట్టుకోవడం మేలు. వ్యాపించిన దశలో ఉన్న పదిమందిలో ఒకరికి పైగా ఈ లోపం పుట్టుకతోనే వస్తుంది. అది తేలితే కొడుకులకే కాదు, కూతుళ్ళకీ అక్కచెల్లెళ్ళకీ రొమ్ము, అండాశయ క్యాన్సర్ల విషయంలో పరీక్ష అవసరం.

ల్యూటీషియం-177 పీఎస్‌ఎంఏ చికిత్సలో కణం పైనుండే పీఎస్‌ఎంఏ అనే ప్రొటీన్‌ని వెతికి పట్టే మందుకి రేడియోధార్మిక మూలకాన్ని తగిలించి నరంలోకి ఎక్కిస్తారు. 2021లో విజన్ అధ్యయనంలో 7.4 గిగాబెక్వెరల్ చొప్పున 6 వారాలకోసారి, ఆరు డోసుల దాకా ఇచ్చారు. మధ్యస్థ ఆయుష్షు 11.3 నెలల నుంచి 15.3కి పెరిగింది. ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో మన దేశమే ల్యూటీషియం తయారుచేస్తోంది కాబట్టి ఈ వైద్యం మనకి అందని మాట కాదు, చెన్నై, హైదరాబాద్ న్యూక్లియర్ మెడిసిన్ విభాగాల్లో నడుస్తోంది. ముందు పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్లో గడ్డలు బాగా వెలగాలి. కొన్ని వెలిగి కొన్ని వెలగకపోతే వెలగనివి పెరుగుతూనే ఉంటాయి. పదిమందిలో నలుగురికి నోరెండుతుంది. మూత్రంతో మందు బయటికి పోతుంది కాబట్టి కొన్ని రోజులు కూర్చుని పోసి రెండుసార్లు నీళ్ళు కొట్టాలి, పసిపిల్లలకీ గర్భిణులకీ ఎడంగా ఉండాలి. వాళ్ళు చెప్పే రోజుల లెక్క ఇంటికొచ్చాక కూడా పాటించాలి. రేడియం-223 ఎముకల్లోని గడ్డలకే పనిచేస్తుంది, అబిరాటెరోన్‌తో కలిపి ఇస్తే ఎముకలు విరగడం ఎక్కువైంది, కలపకూడదు.

ముందున్న పరిశోధన

రిసెప్టర్‌ని మూయడం కాకుండా దాన్నే కణం చేత ముక్కలు చేయించి పారేయించే బిళ్ళల మీద ఇప్పుడు ఎక్కువ ఆశ ఉంది. ఓపివెసోస్టాట్ అనే మందు కొలెస్టరాల్ దగ్గరే స్టెరాయిడ్ హార్మోన్ల తయారీ మొత్తాన్నీ ఆపుతుంది, అందుకే దాన్ని వాడినన్నాళ్ళూ ఒంటికి అవసరమైన స్టెరాయిడ్లు బయటినుంచి ఇవ్వాలి. ల్యూటీషియం బదులు ఆక్టీనియం-225 పెట్టి ఆల్ఫా కణాలతో కొట్టడం, స్టీప్1 అనే గుర్తు ఉన్న కణాల మీదికి ఒంట్లోని టీ కణాలని (రోగనిరోధక కణాలని) ఉసిగొల్పే ఇంజెక్షన్లు కూడా పరీక్షల్లో ఉన్నాయి. మిగతా క్యాన్సర్లలో పేరు తెచ్చుకున్న పెంబ్రొలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు మాత్రం ప్రోస్టేట్ క్యాన్సర్‌లో పెద్ద అధ్యయనాల్లో విఫలమైంది. ఎంఎస్‌ఐ-హై అనే అరుదైన లక్షణం ఉన్న కొద్దిమందికే దాని ప్రయోజనం. "ఇమ్యునోథెరపీ చేయిద్దాం" అని పొలం అమ్మేముందు ఆ పరీక్ష కాగితం అడగాలి.

వినడానికి వింతగా ఉండేది బైపోలార్ ఆండ్రోజెన్ థెరపీ. హార్మోన్ కరువుకి అలవాటుపడి రిసెప్టర్లని విపరీతంగా పెంచుకున్న కణానికి ఒక్కసారిగా టెస్టోస్టెరాన్ ముంచెత్తితే అది తట్టుకోలేక దెబ్బతింటుందన్నది ఆలోచన. సూది కొనసాగుతుండగానే 28 రోజులకోసారి 400 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఇచ్చి ఎంజాల్యుటమైడ్‌తో పోల్చారు. రోగం పెరగకుండా ఉన్న కాలం రెండు వైపులా 5.7 నెలలే. కానీ టెస్టోస్టెరాన్ ముందు తీసుకున్నవాళ్ళలో తర్వాత ఎంజాల్యుటమైడ్ బాగా పనిచేసింది. నొప్పులున్నవాళ్ళకి, వెన్నుపాము దగ్గర గడ్డ ఉన్నవాళ్ళకి ఇది ప్రమాదం, పరిశోధన బయట ఎవరూ ప్రయత్నించకూడదు.

పరిశోధనలో చేరాలనుకుంటే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా వెబ్‌సైట్‌లో ఆస్పత్రి, ఊరు పేరుతో వెతకొచ్చు. 2009 నుంచి మన దేశంలో మందుల ట్రయల్స్ అక్కడ నమోదు కావడం తప్పనిసరి. 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం రోగి హక్కు. సంతకం పెట్టే కాగితం అర్థమయ్యే భాషలో ఉండాలి, తెలుగుది అడిగి తీసుకుని ఒక రాత్రి ఇంటి దగ్గర చదివి రావచ్చు. చాలా ట్రయల్స్‌లో మొదటి వారమే అడిగేవి మూడు: టెస్టోస్టెరాన్ 50 లోపు ఉన్న తాజా రిపోర్టు, ఇప్పటిదాకా వాడిన మందులు ఏ తేదీన మొదలై ఏ తేదీన ఎందుకు ఆగాయో రాసిన కాగితం, బయాప్సీ దిమ్మ.